రోజూ నడుస్తున్నా తూకం ఎందుకు కదలదు? కార్డియో వ్యాయామం వెనుక ఉన్న లెక్కలు

తెల్లవారకముందే హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద, చిన్న పట్టణాల్లో జూనియర్ కాలేజీ మైదానాల్లో వేగంగా నడుస్తూ కనిపించేవారిలో చాలామంది బరువు తగ్గాలనే కోరికతోనే ఆ అలవాటు మొదలుపెట్టి ఉంటారు. మొదటి నెల ఉత్సాహంగా గడిచిపోతుంది. రెండో నెల ముగిసినా తూకంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించకపోతే పట్టు సడలుతుంది. ఆ తర్వాత వానలో, పెళ్లిళ్లో, పిల్లల పరీక్షలో అడ్డం వచ్చి నడక ఆగిపోతుంది. ఇందులో వారి పట్టుదల లోపం కంటే, ముందుగా ఎవరూ విడమరిచి చెప్పని లెక్కల పాత్ర ఎక్కువ. నడక, పరుగు, సైకిల్ తొక్కడం, ఈత, స్కిప్పింగ్ వంటివి గుండె వేగాన్ని పెంచి, పెద్ద కండరాలను కొంతసేపు ఆగకుండా పనిచేయిస్తాయి; వీటన్నిటినీ కలిపి కార్డియో అంటున్నాం. వీటి వల్ల బరువు తగ్గుతుందన్నది నిజమే. అయితే ఎంత చేస్తే ఎంత తగ్గుతుంది, ఆ తగ్గుదల శరీరంలో ఎక్కడి నుంచి వస్తుంది, తూకంలో కనిపించని మేలు ఏమిటి అన్నవి తెలియకపోతే, వ్యాయామం తన పని తాను చేస్తుండగానే అది వృథా అనుకుని మానేసే ప్రమాదం ఉంది.

తెలుగు రాష్ట్రాలకు ఇది చిన్న విషయం కాదు. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. పురుషుల్లో దేశ సగటు 22.9 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 31.1 శాతం, తెలంగాణలో 32.3 శాతం. ఈ సర్వే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే కొలత) 25 దాటినవారినే లెక్కలోకి తీసుకుంది. భారతీయులకు 23 నుంచే అధిక బరువుగా పరిగణించాలన్న వైద్యుల ప్రమాణాన్ని వర్తింపజేస్తే ఈ శాతాలు ఇంకా పెరుగుతాయి.

ముందుగా నడకలో ఖర్చయ్యే శక్తిని చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి శరీరం గంటకు, కిలో బరువుకు దాదాపు 1 కిలోకేలరీ చొప్పున ఖర్చు చేస్తుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే ఆ ఖర్చు సుమారు మూడున్నర రెట్లు అవుతుంది. 70 కిలోల మనిషి 45 నిమిషాలు అలా నడిస్తే మొత్తం 184 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కానీ ఆ 45 నిమిషాలు ఇంట్లో కూర్చున్నా 50 పైచిలుకు ఎలాగూ ఖర్చయ్యేవి కాబట్టి, నడక వల్ల అదనంగా ఖర్చయినవి 130 మాత్రమే. ట్రెడ్‌మిల్ తెర మీద, చేతి గడియారాల్లో కనిపించే సంఖ్యలో సాధారణంగా ఈ తీసివేత ఉండదు. పైగా ఆ గడియారాల లెక్కే అంత నమ్మదగినది కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఏడు రకాల పరికరాలను పరీక్షించినప్పుడు గుండె వేగాన్ని చాలావరకు సరిగ్గానే చూపించాయి గాని, కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం తప్పింది.

ఒక కిలో శరీరపు కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీల శక్తి ఉంటుంది. వారానికి ఆరు రోజులు, రోజుకు 45 నిమిషాల చొప్పున నడిచిన 70 కిలోల మనిషికి నెలకు అదనంగా ఖర్చయ్యేది సుమారు 3,350 కిలోకేలరీలు. అంటే తిండిలో, మిగతా దినచర్యలో ఏ మార్పూ లేకపోతే నెలకు తగ్గే కొవ్వు అర కిలో కంటే కాస్త తక్కువే. మనిషి బరువు ఒక్క రోజులోనే తాగిన నీటిని, తిన్న ఉప్పును, మలవిసర్జనను బట్టి కిలో అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటలో అర కిలో తగ్గుదల కనిపించకుండా కలిసిపోతుంది. దీనికి తోడు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారి కండరాలు గ్లైకోజెన్‌ను, అంటే శక్తి కోసం దాచుకునే పిండిపదార్థాన్ని, మునుపటి కంటే ఎక్కువగా నిల్వ చేసుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని తనతో ఉంచుకుంటుంది. రక్తంలోని ద్రవభాగం కూడా పెరుగుతుంది. అందువల్ల మొదటి కొన్ని వారాల్లో కొవ్వు కరుగుతున్నా తూకం నిలకడగా ఉండటమో, కొందరిలో కాస్త పెరగడమో జరుగుతుంది. ఇది ఆరోగ్యకరమైన మార్పే అయినా, చాలామంది నడకను వదిలేసేది సరిగ్గా ఈ వారాల్లోనే కావడం విచారకరం.

పరుగు సంగతి వేరు. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే అదే 70 కిలోల మనిషికి గంటకు దాదాపు 580 కిలోకేలరీలు ఖర్చవుతాయి. ఒక కిలోమీటరు నడిచినా, పరుగెత్తినా ఒకటే ఖర్చు అన్న ప్రచారం సరికాదు. కూర్చున్నప్పటి ఖర్చును తీసివేసి చూస్తే నడకలో కిలోమీటరుకు దాదాపు 35, పరుగులో 64 కిలోకేలరీలు అవుతాయి. పరుగులో ప్రతి అడుగుకూ శరీరాన్ని గాలిలోకి ఎత్తాలి కనుక ఈ తేడా. అయితే పరుగెత్తగల మోకాళ్లు, గుండె ఉన్నవారికే ఇది మార్గం. నలభై దాటి, బరువు ఎక్కువగా ఉండి, ఏళ్లుగా కదలిక లేనివారికి నడకే సరైన ఆరంభం.

ఇంతవరకు చెప్పింది కాగితం మీది లెక్క. అసలు శరీరంలో జరిగేది దానికంటే జటిలమైనది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అధిక బరువున్న యువతీయువకుల చేత వారానికి ఐదు రోజులు, పది నెలలపాటు, పర్యవేక్షణలో కార్డియో చేయించారు. ఒక బృందం ప్రతిసారీ 400 కిలోకేలరీలు, మరో బృందం 600 కిలోకేలరీలు ఖర్చు చేసేదాకా ఆపకూడదు. ఆహారం విషయంలో ఏ నిబంధనా పెట్టలేదు. పై లెక్క ప్రకారం మొదటి బృందం 11 కిలోలు, రెండో బృందం 16 కిలోలకు పైగా తగ్గాలి. నిజంగా తగ్గింది సగటున 3.9 కిలోలు, 5.2 కిలోలు. అంటే లెక్కలో మూడో వంతే తూకంలోకి వచ్చింది.

మిగతా రెండు వంతులు ఏమయ్యాయి? కొంత ఆకలి రూపంలో తిరిగి వచ్చింది. వ్యాయామం తర్వాత కొందరికి ఆకలి పెరుగుతుంది, కొందరికి పెరగదు. ఆకలి పెరగకపోయినా, పొద్దున్నే అంత దూరం నడిచాం కదా అన్న భావన ఒక అట్టు ఎక్కువ వేయించుకునేలా చేస్తుంది. కొంత విశ్రాంతి రూపంలో పోయింది. ఉదయం గంటసేపు కష్టపడినవారు తెలియకుండానే మిగతా రోజంతా మెట్లు మాని లిఫ్ట్ ఎక్కడం, ఎక్కువసేపు కూర్చోవడం, మధ్యాహ్నం నిద్రపోవడం చేస్తారు. ఇంకొంత శరీరమే లోలోపల సర్దుకుంటుంది. టాంజానియాలో వేట, దుంపలు, తేనె మీద ఆధారపడి బతికే హాడ్జా ప్రజలు రోజూ ఎన్నో కిలోమీటర్లు నడుస్తారు. అయినా వారి శరీర పరిమాణాన్ని బట్టి చూస్తే రోజు మొత్తంలో ఖర్చు చేసే శక్తి, కార్లలో తిరిగే అమెరికన్ల ఖర్చుతో దాదాపు సమానంగా ఉందని హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో కనుగొంది. శ్రమ బాగా పెరిగినప్పుడు శరీరం ఇతర పనుల్లో పొదుపు చేస్తుందని ఆయన వాదన. ఈ పొదుపు ఎంత మేరకు జరుగుతుందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ సాగుతూనే ఉన్నా, వ్యాయామంలో ఖర్చయిన ప్రతి కేలరీ తూకంలో కనిపిస్తుందన్న ఆశ మాత్రం సరైనది కాదు.

ఈ సర్దుబాటు అందరిలో ఒకేలా ఉండదన్నదే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన విషయం. 2008లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో 35 మంది చేత 12 వారాలపాటు సమానమైన వ్యాయామం చేయించగా సగటున 3.7 కిలోలు తగ్గారు. కానీ వారిలో ఒకరు 14 కిలోలకు పైగా తగ్గితే, కొందరు కొద్దిగా పెరిగారు. పక్కింటివారు మూడు నెలల్లో ఇట్టే తగ్గారు, మనం తగ్గలేదు అని బాధపడే మనిషికి ఈ ఒక్క ఫలితం తెలిసినా ఎంతో మేలు.

అలాగని కదలిక తగ్గితే తిండి కూడా దానంతట అదే తగ్గుతుందనుకుంటే పొరపాటు. దీనికి మన దేశంలోనే జరిగిన ఒక గొప్ప పరిశీలన ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో పనిచేసే రెండువందలకు పైగా పురుషుల తిండిని, బరువును, పని భారాన్ని జాన్ మేయర్, ఆయన సహచరులు 1956లో ప్రచురించిన అధ్యయనంలో పోల్చి చూశారు. ఓ మోస్తరు నుంచి భారీ పని వరకు చేసేవారిలో శ్రమను బట్టి తిండి పెరిగింది, బరువు మాత్రం పెరగలేదు. కానీ రోజంతా కూర్చుని ఉండే దుకాణదారులు, గుమస్తాలు తేలికపాటి పని చేసేవారి కంటే ఎక్కువ తిన్నారు, బరువు కూడా ఎక్కువే ఉన్నారు. కదలిక ఒక స్థాయి కంటే కిందికి పడిపోతే ఆకలికీ అవసరానికీ మధ్య ఉండాల్సిన పొంతన తప్పుతుందని ఆ పరిశీలన సూచించింది. గుమాస్తా బల్ల స్థానంలో కంప్యూటర్ బల్ల వచ్చిన ఈ రోజుల్లో, మాదాపూర్‌లోనో, డల్లాస్‌లోనో పది గంటలు కుర్చీలో గడిపే తెలుగువారికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. వ్యాయామం కేలరీలను కరిగించడంతో పాటు, ఎంత తినాలో శరీరానికి తెలిసే స్థితికి మనిషిని తీసుకువస్తుందని కూడా దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

తిండి పెరగకుండా చూసుకుంటే కార్డియో ఎంత చేయగలదో 2000లో కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రాస్ బృందం నిరూపించింది. ఊబకాయం ఉన్న పురుషుల్లో ఒక బృందానికి రోజుకు 700 కిలోకేలరీల తిండి తగ్గించారు. మరో బృందం తిండిని యథాతథంగా ఉంచి, రోజూ 700 కిలోకేలరీల వ్యాయామం చేయించారు. మూడు నెలల్లో రెండు బృందాలూ సమానంగా, దాదాపు 7.5 కిలోల చొప్పున తగ్గాయి. అంటే వ్యాయామంతో బరువు తగ్గదన్న మాట కూడా అబద్ధమే. కానీ రోజుకు 700 కిలోకేలరీలంటే గంటకు పైగా గట్టి శ్రమ. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్న మనిషికి ప్రతిరోజూ అది సాధ్యపడే పని కాదు. అంత సమయం లేనివారికి దక్కే ఫలితాన్ని 116 ప్రయోగాలను కలిపి 2024లో చేసిన ఒక విశ్లేషణ చూపింది. వారంలో ప్రతి 30 నిమిషాల కార్డియోకు సగటున అర కిలో బరువు, అర సెంటీమీటరుకు పైగా నడుము చుట్టుకొలత తగ్గుతాయని, వారానికి 300 నిమిషాల వరకు మోతాదు పెరిగేకొద్దీ ఫలితం కూడా పెరుగుతుందని తేలింది. వారానికి 150 నిమిషాలు నడిచేవారు కొన్ని నెలల్లో రెండున్నర కిలోల మేర తగ్గుతారని దీన్ని బట్టి ఆశించవచ్చు. అంతకు మించి కావాలంటే వంటింటి వైపు చూడక తప్పదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కిలోకేలరీల భోజనానికి 250 గ్రాముల తృణధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 27 గ్రాముల నూనె లేదా కొవ్వులు చాలని సూచించింది. ఇందులో నూనె ఒక్కటే తీసుకుని లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయిపోతుంటే తలసరి రోజుకు 38 గ్రాములు పడుతున్నట్టు. 27 గ్రాముల కంటే అది 11 గ్రాములు ఎక్కువ. గ్రాముకు 9 కిలోకేలరీల చొప్పున దాదాపు 100 కిలోకేలరీలు. అంటే ఇంట్లోని ప్రతి ఒక్కరూ రోజూ అరగంటకు పైగా చేసే నడకను ఆ అదనపు నూనే రద్దు చేస్తోంది. నెల సరుకుల్లో 5 లీటర్ల బదులు మూడున్నర లీటర్లు తెచ్చుకుని, వేపుళ్ల బదులు పులుసులు, పప్పుకూరలు, ఆవిరి కూరలు వండుకునే ఇంట్లో నడక ఫలితం తూకంలో కనిపించడం మొదలవుతుంది. అన్నం విషయమూ ఇంతే. అన్నం పూర్తిగా మానేసి నీరసపడనక్కర్లేదు, రెండోసారి వడ్డించుకునే అన్నం స్థానంలో కూర, పప్పు, గుడ్డు, పెరుగు చేరితే చాలు.

ఇక తూకం చెప్పని విషయానికి వద్దాం. ఈ వ్యాసంలో అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది ఇదే. చర్మం కింద ఉండే కొవ్వు వేరు, పొట్ట లోపల కాలేయం, పేగులు, క్లోమం చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. షుగర్, బీపీ, గుండెజబ్బులతో దగ్గరి సంబంధం ఉన్నది ఈ రెండోదానికే. దక్షిణాసియా ప్రజల్లో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చే శరీర నిర్మాణం ఎక్కువ. ఒకే బీఎంఐ ఉన్న యూరోపియన్‌తో పోలిస్తే భారతీయుడి శరీరంలో కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. అందుకే భారతీయ పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు హద్దు పెట్టారు. కార్డియోకు తొందరగా లొంగేది ఈ లోపలి కొవ్వే. పైన చెప్పిన కెనడా ప్రయోగంలో మూడో బృందం కూడా ఒకటుంది. వారు వ్యాయామంలో ఖర్చయిన శక్తికి సరిపడా అదనంగా తిని, బరువు మారకుండా చూసుకున్నారు. తూకంలో మార్పు లేకపోయినా వారి పొట్ట లోపలి కొవ్వు తగ్గింది, గుండె దారుఢ్యం పెరిగింది.

దీనికి మన పొరుగునే బలమైన ఆధారం దొరికింది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ వ్యాధి అంచున ఉన్న 531 మందిపై చేసిన భారతీయ మధుమేహ నివారణ ప్రయోగం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రోజుకు కనీసం అరగంట చురుకైన నడక, తగిన ఆహారం పాటించిన బృందంలో షుగర్ బారిన పడే అవకాశం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మందు వాడినవారిలో ఈ తగ్గుదల 26.4 శాతం. జీవనశైలి బృందంలో సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయినా జబ్బు వెనక్కి తగ్గింది. ఆ బృందంలోని వారు తూకాన్నే ప్రమాణంగా పెట్టుకుని, ప్రయోజనం లేదనుకుని మధ్యలో మానేసి ఉంటే వారిలో ఎంతోమందికి షుగర్ వచ్చి ఉండేది. మన పార్కుల్లో, మైదానాల్లో నడక మానేస్తున్న వారి విషయంలో భయం కలిగించేది ఇదే. అందుచేత నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోవడం వారం వారం తూకం చూసుకోవడం కంటే ఉపయోగకరం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలిన తర్వాత, పొట్టను లోపలికి లాగకుండా కొలవాలి. మూడు అంతస్తుల మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం తగ్గిందా, ఉదయం పరగడుపున చూసుకునే షుగర్, బీపీ తగ్గాయా అన్నవి కూడా ఫలితాలే.

తగ్గిన బరువును నిలబెట్టుకోవడం కార్డియోకున్న రెండో పెద్ద ప్రయోజనం. ఆహార నియమాలతో పది కిలోలు తగ్గినవారు చాలామందే ఉంటారు. రెండేళ్ల తర్వాత కూడా అక్కడే ఉన్నవారు తక్కువ. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా ఆ బరువు మీదే నిలిచినవారి వివరాలను అమెరికాలో 1994 నుంచి ఒక జాతీయ రిజిస్ట్రీ సేకరిస్తోంది. అందులోని వారు తగ్గిన పద్ధతులు ఒకదానితో ఒకటి పొంతన లేనివి. కానీ పదిమందిలో తొమ్మిదిమంది రోజుకు సగటున గంటసేపు వ్యాయామం, ఎక్కువగా నడక, చేస్తున్నారు. 2021లో వెలువడిన ఒక డానిష్ ప్రయోగం దీన్ని మరింత స్పష్టం చేసింది. తక్కువ కేలరీల ఆహారంతో ఎనిమిది వారాల్లో సగటున 13 కిలోలు తగ్గిన 195 మందిని నాలుగు బృందాలు చేసి ఏడాదిపాటు గమనించారు. వ్యాయామమూ, మందూ లేని బృందం దాదాపు 6 కిలోలు తిరిగి పెరిగింది. వ్యాయామం చేసిన బృందం 2 కిలోలు పెరిగింది. ఆకలిని తగ్గించే లిరాగ్లూటైడ్ అనే మందును ఇంజెక్షన్‌గా తీసుకున్నవారు ఉన్నచోటే ఉన్నారు. మందు, వ్యాయామం రెండూ ఉన్నవారు ఇంకా 3 కిలోలకు పైగా తగ్గారు. మందు ఆపేసిన తర్వాత మరో ఏడాది గమనిస్తే, మందు మాత్రమే వాడినవారి బరువు వేగంగా తిరిగి వచ్చింది. వ్యాయామం చేసినవారు తగ్గిన బరువును ఎక్కువగా నిలుపుకోగలిగారు. ఆకలిని తగ్గించే ఇలాంటి ఖరీదైన ఇంజెక్షన్లు మన నగరాల్లోనూ వాడుకలోకి వచ్చిన ఈ సమయంలో, వాటిని మొదలుపెట్టేవారు నడకను కూడా అదే రోజు మొదలుపెట్టడం అవసరం.

జిమ్‌లలో వినిపించే కొన్ని మాటల గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. నెమ్మదిగా చేస్తేనే కొవ్వు కరుగుతుందన్నది సగం నిజం. తక్కువ వేగంలో ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువగా ఉంటుంది గాని, మొత్తం ఖర్చు తక్కువ. నెలల తరబడి చూస్తే లెక్కకు వచ్చేది మొత్తం ఖర్చే. పరగడుపున చేస్తే ఎక్కువ తగ్గుతారన్న నమ్మకాన్ని 2014లో 20 మంది యువతులపై నాలుగు వారాలపాటు పరీక్షించగా, తిని చేసినవారికీ తినకుండా చేసినవారికీ తేడా కనిపించలేదు. ఎవరికి ఏది హాయిగా ఉంటే అది చేయవచ్చు. కొద్దిసేపు తీవ్రంగా, కొద్దిసేపు నెమ్మదిగా చేసే ఇంటర్వెల్ వ్యాయామం సమయాన్ని ఆదా చేస్తుంది. కొవ్వు తగ్గించడంలో మాత్రం మామూలు కార్డియోతో దాదాపు సమానమే. వ్యాయామం ఆపిన తర్వాత కూడా గంటల తరబడి కేలరీలు కరుగుతూనే ఉంటాయన్న మాటలో నిజం ఉన్నా, ఆ మొత్తం చాలా స్వల్పం. చెమట పట్టడం కోసం మందపాటి జాకెట్లు, ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని పరుగెత్తడం మాత్రం ప్రమాదకరం. పోయేది నీరు, లవణాలే, కొవ్వు కాదు.

ఎంత వేగంగా నడవాలన్న ప్రశ్నకు సులువైన కొలత ఒకటుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. స్నేహితులతో కబుర్లాడుతూ, మధ్యమధ్య ఆగుతూ గంటసేపు తిరిగే నడక మనసుకు మంచిదే గాని, దాన్ని 60 నిమిషాల కార్డియోగా లెక్కించలేం. మొదలుపెట్టేవారు 15 నిమిషాలతో ఆరంభించి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ నెలన్నరలో రోజుకు 45 నిమిషాలకు చేరవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సాధారణ ఆరోగ్యం కోసం సూచించాయి. బరువు తగ్గడానికి, తగ్గిన బరువు నిలవడానికి 250 నిమిషాలకు పైగా అవసరమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో పేర్కొంది. కొన్నాళ్లకు అదే దూరం తేలికవుతుంది. అప్పుడు సమయం పెంచలేనివారు ఎత్తుపల్లాల దారిని ఎంచుకోవచ్చు, మధ్యమధ్య రెండు నిమిషాల చొప్పున వేగం పెంచవచ్చు, అపార్ట్‌మెంట్ మెట్లను వాడుకోవచ్చు. ట్రెడ్‌మిల్ మీద చువ్వలు పట్టుకుని నడిస్తే శ్రమ తగ్గిపోతుందని గుర్తుంచుకోవాలి. వారానికి రెండు రోజులు గోడకు ఆనుకుని పుషప్‌లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, బరువులు ఎత్తడం వంటి కండరాల వ్యాయామం చేర్చడం తప్పనిసరి. డ్యూక్ విశ్వవిద్యాలయం 2012లో ప్రచురించిన అధ్యయనంలో కొవ్వు తగ్గించడంలో కార్డియోదే పైచేయి అయినా, కండను పెంచింది బరువుల వ్యాయామమే. అసలే కండ తక్కువగా ఉండే మన శరీరాలు తిండి తగ్గించినప్పుడు ఉన్న కండను కూడా కోల్పోకూడదు.

షుగర్‌కు గ్లైమెపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు ఎక్కువసేపు వ్యాయామం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు డాక్టరును అడిగి మోతాదు సరిచూసుకోవాలి, జేబులో గ్లూకోజ్ గాని, నాలుగు చక్కెర బిళ్లలు గాని ఉంచుకోవాలి. ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని ఊరుకోకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈత, సైకిల్ మేలు. వారికి ఉత్సాహాన్నిచ్చే విషయం ఒకటుంది: శరీర బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుందని 2005లో ఒక పరిశోధన తేల్చింది. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, రెంటచింతల, విజయవాడ వంటి చోట్ల సూర్యోదయానికి ముందే వ్యాయామం ముగించడం, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ తాగడం అవసరం.

పొలం పనికి, ఉపాధి హామీ పనికి, భవన నిర్మాణానికి వెళ్లే మనిషికి ఈ సలహాల్లో ఎక్కువ భాగం అక్కర్లేదు. ఆ శ్రమే వారి కార్డియో, వారికి కావలసింది తగినంత తిండి, విశ్రాంతి. అవసరం ఎక్కువగా ఉన్నది పట్టణాల్లోని మధ్యతరగతికి, అందులోనూ మహిళలకు. సర్వే అంకెల్లో ఆంధ్రప్రదేశ్ మహిళలు పురుషుల కంటే ముందున్నారు. ఇంటిపనంతా చేస్తున్నాం కదా అని వారిలో చాలామంది అంటారు. ఆ పనిలో అలసట నిజమే. కానీ గిన్నెలు తోమడం, వంట చేయడం గుండె వేగాన్ని తగినంతసేపు పెంచి ఉంచే పనులు కావు. అలసిపోయిన మనిషికి ఇంకా నడవమని చెప్పడం కంటే, ఆ 40 నిమిషాలు ఆమెకు దొరికేలా ఉదయపు పనిలో కొంత భాగాన్ని ఇంట్లోని మగవారు పంచుకోవడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. ఆ సమయం దొరికినా నడిచే చోటు లేకపోవడం మరో అడ్డంకి. కాలిబాటలు దుకాణాల సామానుతో, బండ్లతో నిండిపోయిన వీధుల్లో, తెల్లవారుజామున దీపాలు వెలగని, కుక్కల బెడద ఉన్న దారుల్లో ఒంటరిగా నడవమని ఏ మహిళకూ సలహా ఇవ్వలేం. ప్రతి మున్సిపల్ వార్డులోనూ కొత్త పార్కు కట్టేదాకా ఆగక్కర్లేదు. ఉన్న ప్రభుత్వ పాఠశాలల, కళాశాలల మైదానాల గేట్లను ఉదయం 5 నుంచి 7 గంటల వరకు, సాయంత్రం బడి వదిలాక మరో రెండు గంటలపాటు అందరికీ తెరిచి, నాలుగు దీపాలు, ఒక తాగునీటి కుళాయి, శుభ్రంగా ఉండే ఒక మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం ఏ పురపాలక సంఘానికైనా సాధ్యమయ్యే పనే.